ప్రశ్నార్థకాలు వేరు, పిచ్చిగీతలు వేరు: పాత పక్షిప్రియుల సైటును మూసే ముందు

చిత్తూరు మిత్రుడు అడిగినది క్లుప్తంగా ఇది. 2009లో మొదలైన పక్షి పరిశీలకుల సైటు ఒకటి ఉంది. సభ్యులు తాము చూసిన పిట్టల గురించి అక్కడ రాసుకుంటారు, ఫొటోలు పెడతారు. ఈ మధ్య లాగిన్ నిలవడం లేదు. కూర్చుని రాసిన టపా ఎగిరిపోతోంది. పాత తెలుగు రాతలు కొన్ని పిచ్చిగీతలుగా, కొన్ని ప్రశ్నార్థకాలుగా కనిపిస్తున్నాయి. వెతికితే ఏదీ దొరకదు, ఫొటోలు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు. సభ్యులు విసిగిపోయి వాట్సాప్ గ్రూపు పెట్టుకుందాం అంటున్నారు. సైటు మూసేయాలా, కొత్త సాఫ్ట్‌వేరుకు మార్చాలా?

ఇప్పుడే రెండూ వద్దు. తిరుపతిలో ఇలాంటి సైటునే నేను చాలా ఏళ్లుగా చూసుకుంటున్నాను. మీరు చెప్పిన జబ్బులన్నీ మా సైటుకూ వచ్చాయి. వాటిలో ప్రాణం తీసేది ఒక్కటే, తెలుగు రాతలు చెడిపోవడం. మిగతావన్నీ చిరాకులు. ఆ ఒక్కదాని గురించి ముందు చెబుతాను. ఎందుకంటే మీ ప్రశ్నలో 'కొత్త సాఫ్ట్‌వేరుకు మార్చాలా' అన్న మాట చదవగానే నేను ఒకప్పుడు నొక్కిన బటన్ గుర్తొచ్చింది.

తెలుగు ఎలా చెడుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. మీ సభ్యుడొకరు 2010లో 'శేషాచలం' అని రాశారనుకోండి. కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటరుకు మాత్రం ఏడు సంకేతాలు: శ, ఏత్వం, ష, దీర్ఘం, చ, ల, సున్నా. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి మొత్తం 21 బైట్లు. ఆ రోజుల్లో మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ప్రత్యేకంగా చెప్పకపోతే పట్టికలన్నీ లాటిన్-1 పద్ధతిలో తయారయ్యేవి. లాటిన్-1కు తెలుగు అన్నదే తెలియదు. దాని దృష్టిలో ఒక్కో బైటు ఒక్కో పడమటి యూరపు అక్షరం.

అయినా సైటు ఏళ్ల తరబడి చక్కగా నడిచింది. లోపల పెట్టేటప్పుడు సైటు 'ఇవి లాటిన్ అక్షరాలే' అని అబద్ధం చెప్పింది. తీసేటప్పుడు కూడా అదే అబద్ధం చెప్పింది. పెట్టిన 21 బైట్లూ చెక్కుచెదరకుండా తిరిగి వచ్చాయి, బ్రౌజరు వాటిని తెలుగుగా చూపించింది. రెండు వైపులా ఒకే అబద్ధం ఆడినంత కాలం గుట్టు దాగింది. ఏదో ఒకరోజు సర్వరు మారుతుంది. కొత్త సర్వరు ఒకవైపు నిజం చెప్పడం మొదలుపెడుతుంది. ఆ రోజు పిచ్చిగీతలు బయటపడతాయి.

ఆ గీతలను ఒకసారి దగ్గరగా చూడండి. రోమన్ చిన్న 'ఏ', దాని నెత్తిన ఎడమ నుంచి కుడికి వాలిన ఒక గీటు, పక్కనే ఎండ ఎంత ఉందో చెప్పేటప్పుడు వాడే డిగ్రీ గుర్తు. లేదా డిగ్రీ బదులు ప్లస్-మైనస్ గుర్తు. తెలుగులో ఏ మాట చెడినా ఈ జంటే మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక్కో బైటును రెండు గుర్తులతో రాసే హెక్స్ పద్ధతిలో చూస్తే, తెలుగు సంకేతం ఏదైనా మొదటి బైటు ఈ0, రెండోది బీ0 లేదా బీ1. మూడోది మాత్రమే మారుతుంది. ఇవి కనిపిస్తే దిగులు పడకండి, లోపల తెలుగు బతికే ఉంది. వేషం మారింది, అంతే.

ప్రశ్నార్థకాలు అలా కాదు. ఏదో ఒక దశలో ఎవరో 'ఈ తెలుగును నిజంగానే లాటిన్-1లోకి మార్చు' అని చెప్పారన్న మాట. దానికి తెలియని ప్రతి సంకేతం బదులూ అది ఒక ప్రశ్నార్థకం పెట్టేస్తుంది. శేషాచలానికి ఏడు, 'తలకోన'కు ఐదు. ఒకసారి ఆ రూపంలో నిల్వ అయిపోతే ఏ ప్రశ్నార్థకం ఏ అక్షరమో చెప్పగల నిపుణుడు ఈ భూమి మీద లేడు.

అయితే తెరమీద ప్రశ్నార్థకం కనిపించగానే పోయిందని నిర్ణయించకండి. ఒక్కోసారి లోపల తెలుగు భద్రంగానే ఉంటుంది, బయటికి తెచ్చే దారిలో మాత్రమే అలా మారుతుంది. తేల్చుకోవడానికి ఒక్కటే పరీక్ష. మీ సైటుకు చోటిచ్చే హోస్టింగు వాళ్ల ప్యానెల్లో డేటాబేసు తెరిచి, చెడిన టపా ఒకదాన్ని హెక్స్ రూపంలో చూపించమని అడగండి. వరసగా 3ఎఫ్, 3ఎఫ్, 3ఎఫ్ అని వస్తే అవి అచ్చమైన ప్రశ్నార్థకాలు, ఆశ వదులుకోవచ్చు. ఈ0 బీ0, ఈ0 బీ1 అని వస్తే తెలుగు ఉన్నచోటే ఉంది. 'శ' అక్షరం అయితే ఈ0 బీ0 బీ6 అని కనిపించాలి. సీ3 ఏ0 సీ2 బీ0 లాంటివి కనిపిస్తే ఎవరో మీకంటే ముందే మార్చబోయి తెలుగును రెండుసార్లు చుట్టేశారు. అదీ విప్పగలిగినదే.

ఇప్పుడు నా నిర్వాకం. 2016 వేసవిలో మా హోస్టింగు వాళ్ల నుంచి, పాత సర్వరు తీసేస్తున్నాం, కొత్తదానికి మారండి అని ఉత్తరం వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, ప్యానెల్లోని బటన్‌తో డేటాబేసుకు ఒక ప్రతి తీసుకుని, ధైర్యంగా మార్చేశాను. ఆ ప్రతిని తెరిచి చూడాలని తోచలేదు. అప్పటికి మా సైటులో రెండు తరాల పట్టికలు ఉన్నాయి. 2014కు ముందువి లాటిన్-1 అబద్ధంతో బతుకుతున్నవి. ఆ తర్వాతవి నేనే పద్ధతిగా యూటీఎఫ్-8లో చేసినవి. ప్రతి తీసిన పనిముట్టు మాత్రం అంతా లాటిన్-1 అనుకుని తీసింది. ఫలితం ఊహించండి. అబద్ధమాడిన పాత టపాల బైట్లు ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. నేను పద్ధతిగా పెట్టిన రెండేళ్ల టపాలు మొత్తం ప్రశ్నార్థకాలయ్యాయి. పాత సర్వరును అప్పటికే తుడిచేశారు.

తపాలా శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా సభ్యులు. ఆయనకు విషయం చెప్పడానికి బైరాగిపట్టెడలోని వాళ్లింటికి ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. ఆయన రాసిన టపా ఒకటి తెరిచాను. తెరమీద ఉన్నది ఇంతే:

????????, ???? 6.20, ?????? 14.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని 6.20 మీద వేలు పెట్టారు. లోపలికి వెళ్లి పొడుగాటి ఖాతా పుస్తకం ఒకటి తెచ్చి, పేజీలు తిప్పి, ఒకచోట ఆపారు. నీలం సిరాతో 'నేలపట్టు, ఉదయం 6.20, గూళ్లు 14' అని ఉంది. నేలపట్టు అంటే గూడబాతుల అభయారణ్యం. అంకెలకూ కామాలకూ ఒక్కొక్క బైటే చాలు కాబట్టి అవి బతికాయి. ఆ అంకెలను పట్టుకుని ఆయన టపాలన్నీ పుస్తకంలో వెతికి పట్టాం. నాలుగు ఆదివారాలు ఆయన చదువుతూ ఉంటే నేను టైపు చేశాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

మిగతావారికి పుస్తకాలు లేవు. వాళ్ల టపాలు కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో దొరికాయి. 2001 నుంచి అందరికీ తెరిచి ఉన్న ఈ భాండాగారం వెబ్ పేజీలను అప్పుడప్పుడు ఫొటో తీసినట్టు దాచిపెడుతుంది. మీ సైటు చిరునామా అక్కడ వేసి చూడండి. చెడకముందు తేదీ ప్రతి ఉంటే తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. లాగిన్ అయితే తప్ప కనపడని విభాగాలు అందులో ఉండవు. మా నేలపట్టు విభాగం అందరికీ కనిపించేది కాబట్టి చాలావరకు దక్కింది. తలకోన విభాగం సభ్యులకే పరిమితం చేసి ఉంచాం, అది దక్కలేదు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని: ఏ బటనూ నొక్కకుండా ఫైళ్లకు ఒక ప్రతి, డేటాబేసుకు ఒక ప్రతి తీయండి. మీ దగ్గరా రెండు రకాల పట్టికలు కలిసి ఉంటే డేటాబేసును రెండు విధాలుగా తీయండి, ఒకసారి లాటిన్-1 అని చెప్పి, ఇంకోసారి యూటీఎఫ్-8 అని చెప్పి. తీసినదాన్ని మీ ఇంటి కంప్యూటర్లో ఉచిత సర్వరు ఒకటి పెట్టుకుని అందులో ఎక్కించి, కళ్లతో చూడండి. అన్నిటికంటే పాత టపా, నిన్నటి టపా, పొడుగాటి శీర్షిక ఉన్నది, తెలుగులో సభ్యనామం పెట్టుకున్నవారిది, ఎమోజీ ఉన్నది. ఈ ఐదూ సరిగ్గా కనిపించేదాకా మీ దగ్గర ప్రతి లేదనే అనుకోండి.

మందు వేయడం కూడా ఆ ఇంటి ప్రతి మీదే. లాటిన్-1 అని ముద్ర ఉన్న నిలువు వరుసను నేరుగా యూటీఎఫ్-8కు మార్చమంటే డేటాబేసు పిచ్చిగీతలనే నిజమైన అక్షరాలనుకుని వాటిని మళ్లీ చుడుతుంది. ముందు ఆ వరుసను బ్లాబ్ అనే రకంలోకి మార్చాలి. బ్లాబ్ అంటే భాష లేని ఉత్త బైట్లు. అప్పుడు డేటాబేసు అక్షరాల గురించి ఆలోచించడం మానేస్తుంది. ఆ తర్వాత బ్లాబ్ నుంచి యూటీఎఫ్8ఎంబీ4 పాఠ్యంగా మార్చాలి. బైట్లు కదలవు, ముద్ర మారుతుంది. ఒక్కో పట్టికకూ ఇది చేయడం విసుగే, కానీ ఇంతకంటే శుభ్రమైన దారి నాకు తెలిసి లేదు.

చివర ఉన్న ఆ ఎంబీ4 దగ్గర పొదుపు చేయకండి. మైఎస్‌క్యూఎల్‌లో 'యూటీఎఫ్8' అని పిలిచే పాత రకం మూడు బైట్ల దాకానే పట్టగలదు. తెలుగుకు అది సరిపోతుంది. ఎమోజీలకు నాలుగు కావాలి. నాలుగు బైట్ల రకం 2010లో 5.5.3 వెర్షన్‌తో వచ్చింది, 2018లో వచ్చిన 8.0 నుంచి అదే మామూలు అయింది. పాత సర్వర్లు ఎమోజీ దగ్గరికి రాగానే టపాను అక్కడికక్కడే తెంపేసి, మిగతాది చప్పుడు లేకుండా పారేసేవి. మా సభ్యురాలు ఒకరు తన టపాలను నిర్వాహకులు కావాలనే కత్తిరిస్తున్నారని అలిగి ఆరు నెలలు రాయడం మానేశారు. తీరా చూస్తే ఆవిడకు 'అందరికీ శుభోదయం' అని రాసి పక్కన నవ్వు ముఖం పెట్టే అలవాటు. ప్రతి టపా శుభోదయం దగ్గరే ఆగిపోయేది! ఆ కత్తిరింపులు మాత్రం తిరిగి రావు, అవి అసలు నిల్వే కాలేదు.

శీర్షికల చివర నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం కనిపిస్తోందా? లాటిన్-1 పట్టిక శీర్షిక పొడవును బైట్లలో కొలుస్తుంది. వంద అని హద్దు ఉంటే తెలుగుకు 33 సంకేతాలతోనే సరి, వందో బైటు దగ్గర తర్వాతి అక్షరం మధ్యలో కత్తి పడుతుంది. పట్టిక బాగుచేశాక కొత్త శీర్షికలకు ఈ బాధ ఉండదు. ఇక అను ఫాంట్లలాంటి వాటితో టైపు చేసి తెచ్చి అతికించిన టపాలు ఏవైనా ఉంటే అవి వేరే జబ్బు. అందులో ఉన్నవి రోమన్ అక్షరాలే, తెలుగు బొమ్మ ఫాంటులో ఉంటుంది. వాటికి యూనికోడ్ మార్పిడి పనిముట్టు వాడాలి.

అసలు గండం అక్కడితో గడిచింది. ఇక చిరాకులు.

లాగిన్ నిలవకపోవడానికి మొదట చూడాల్సింది సభ్యులు సైటును రెండు చిరునామాలతో తెరుస్తున్నారా అని. ముందు మూడు డబ్ల్యూలు ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. బ్రౌజరు దృష్టిలో అవి రెండు ఇళ్లు కావచ్చు, ఒక ఇంటి తాళం రెండో ఇంటికి పట్టకపోవచ్చు. అన్నిటినీ ఒకదానికే మళ్లించండి. రెండోది ఐపీ చిరునామా, అంటే నెట్‌లో సభ్యుడి ఫోనుకో కంప్యూటరుకో ఉండే నంబరు, తనిఖీ. పాత సాఫ్ట్‌వేర్లలో సభ్యుడి ఐపీ మారితే దొంగ అనుకుని బయటికి నెట్టే ఏర్పాటు ఉంటుంది. ఇంట్లో కదలని కంప్యూటరు ముందు కూర్చునే కాలంలో అది సబబే. ఇప్పుడు సూళ్లూరుపేట బస్సులో కూర్చుని ఫోనులో టపా రాసేవాడికి దారిలో ఐపీ ఎన్నిసార్లు మారుతుందో! ఆ తనిఖీని సడలించండి.

రాసింది ఎగిరిపోవడానికి కారణం చాలాసార్లు 24 నిమిషాలు. ఇలాంటి సైట్లను నడిపే పీహెచ్‌పీ భాషలో సెషన్‌కు, అంటే ఒకసారి లాగిన్ అయి ఉండే కాలానికి, పెట్టిన మామూలు గడువు 1440 సెకన్లు. ఆ లోపు సభ్యుడు ఏ పేజీ కదపకపోతే ఆయన వెళ్లిపోయాడని సర్వరు అనుకోవచ్చు. తెలుగు టైపింగు నెమ్మదిగా చేసే పెద్దవాళ్లకు మంచి టపా అంటే గంట పని. గడువు పెంచండి. పెంచాక కూడా వేరేచోట రాసుకుని తెచ్చి అతికించమనే చెప్పండి. నేను ఈ సమాధానం కూడా అలాగే రాశాను.

వెతుకులాట విషయంలో సభ్యుల ఫిర్యాదు మొదట నేను నమ్మలేదు. గుడ్లగూబ కోసం ఇంగ్లీషులో 'ఔల్' అని వెతికితే ఒక్కటీ రాదు. సైటు నిండా గుడ్లగూబలే. మైఎస్‌క్యూఎల్ పాత మైఐసామ్ పట్టికల్లో నాలుగు అక్షరాల కంటే చిన్న మాటలు వెతుకుడు సూచికలోకే ఎక్కవు. ఔల్‌కు ఇంగ్లీషులో మూడే అక్షరాలు. సరే, నాలుగక్షరాల 'బర్డ్' అని వెతికాను. అదీ శూన్యం! ఆ పట్టికల్లో మామూలు వెతుకుడుకు ఇంకో నియమం ఉంది: సగానికి పైగా టపాల్లో వచ్చే మాటకు విలువ లేదని పక్కన పెట్టేస్తుంది. పిట్టల సైటులో పిట్ట అన్న మాటకే విలువ లేదు. కనీస పొడవును తగ్గించి సూచికను మళ్లీ కట్టించండి, లేదా పట్టికలను ఇన్నోడీబీ రకానికి మార్చండి. అందులో కనీసం మూడు, సగం నియమం లేదు.

ఖాళీ డబ్బాల్లో చాలావరకు బయటి ఫొటో సంస్థల్లో పెట్టి లంకె ఇచ్చినవై ఉంటాయి. ఉచితంగా ఇచ్చినవాళ్లు ఒకనాడు తలుపు మూస్తారు. 2017లో ఇలాంటి పెద్ద సంస్థ ఒకటి డబ్బు కట్టమనడంతో ప్రపంచంలోని అభిరుచి సైట్లన్నిటా బొమ్మలు మాయమయ్యాయి. పాత సభ్యుల ఇళ్లలో సీడీలు, హార్డ్ డిస్కులు వెతికించడమే గతి. కొత్తవి ఎక్కకపోవడానికి కారణం పీహెచ్‌పీలో ఫైలుకు మామూలుగా ఉండే 2 ఎంబీ హద్దు. ఫోను ఫొటోలు దాన్ని ఎప్పుడో దాటేశాయి. ఫొటో పక్కకు పడుకుని కనిపిస్తే, ఏ వైపు పట్టుకుని తీశారో చెప్పే గుర్తును చిన్నది చేసే క్రమంలో సైటు పారేసిందని అర్థం. ఆ గుర్తు పక్కనే ఫొటో ఎక్కడ తీశారో చెప్పే అక్షాంశ రేఖాంశాలు కూడా ఉంటాయి. శేషాచలం కొండల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట గూడు ఫొటోను వాటితో సహా పెట్టడమంటే గూటికి దారి రాసి అతికించినట్టే. ఫొటో చిన్నది చేసేటప్పుడు ముందు దాన్ని నిలబెట్టి, స్థలం వివరాలను తీసేసే ఏర్పాటు పెట్టుకోండి. తేదీని మాత్రం టపాలో ఉంచండి.

ఒకరోజు సైటు మొత్తం తెల్లకాగితంలా కనిపిస్తే కంగారు పడకండి. హోస్టింగు వాళ్లు పీహెచ్‌పీ మార్చి ఉంటారు. 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో పాత పద్ధతి డేటాబేసు ఆదేశాలను పూర్తిగా తీసేశారు, 2009 నాటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఆ భాష తప్ప ఇంకోటి రాదు. పాత 5.6కు భద్రతా సవరణలు 2018తో ఆగిపోయాయి కాబట్టి అక్కడే ఉండిపోతాం అనడానికీ లేదు. సాఫ్ట్‌వేరు మార్పు తప్పదు. ప్రతులు పరీక్షించి, తెలుగు బాగుచేసుకున్నాక మార్చండి. పాస్‌వర్డు మరిచిపోయినవారికి మెయిలు వెళ్లకపోవడం కూడా ఇలాంటిదే. 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద మెయిల్ సంస్థలు, పంపినవారి గుర్తింపు రుజువు లేని ఉత్తరాలను తిప్పికొట్టడం మొదలుపెట్టాయి. డొమైన్ అమరికల్లో ఎస్‌పీఎఫ్, డీకిమ్ వివరాలు చేర్చమని హోస్టింగు వాళ్లను అడిగితే పది నిమిషాల పని.

దొంగ సభ్యుల బెడద గురించి మీరు రాయలేదు గానీ ఉండే ఉంటుంది. మేము నమోదు పేజీలో 'తిరుమల కొండలు ఎన్ని?' అని ప్రశ్న పెట్టాం. వారం రోజులు ఒక్క దొంగా రాలేదు, ఒక్క మనిషీ రాలేదు. జవాబుగా 'ఏడు' అని తెలుగులో రాస్తేనే ఒప్పుకునేలా పెట్టానని ఎనిమిదో రోజు తెలిసింది. అంకెలో రాసినా, ఇంగ్లీషులో రాసినా ఒప్పుకునేలా పెట్టండి.

వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి, తప్పులేదు. రేపు ఉదయం ఎన్నింటికి బయలుదేరాలో మాట్లాడుకోవడానికి అంతకంటే మంచిది లేదు. రాతలను మాత్రం అక్కడికి మార్చకండి. మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గిపోయి, ఎప్పుడు తీశారన్న వివరం ఊడిపోయి చేరుతుంది. ఆరేళ్ల కిందట నేలపట్టుకు గూడబాతులు ఏ వారంలో వచ్చాయో గ్రూపులో వెతికి చెప్పండి చూద్దాం. ఊరు, తేదీ, సంఖ్య ఉన్న పరిశీలనలను, ప్రపంచంలోని పక్షి పరిశీలకులు తమ లెక్కలు చేర్చే ఈబర్డ్ సైటులో కూడా చేర్చండి. 2002 నుంచి నడుస్తున్న ఆ పట్టిక మన సర్వరు కంటే గట్టిది.

జిల్లాల పేర్లు సరిచేద్దామని ఎవరైనా ఉత్సాహపడితే ఆపండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక నెల్లూరు జిల్లా నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మా కుర్రాడొకడు పాత టపాలన్నిటిలో ఒకేసారి పేరు మార్చేస్తానన్నాడు. వద్దన్నాను. 2011లో రాసినాయన నెల్లూరు జిల్లాకే వెళ్లొచ్చాడు. కొత్త జిల్లా పేరును విడిగా ఒక గుర్తుగా చేర్చుకుంటే చాలు.

ఇంకొక్కటి. మీ డొమైన్ ఎవరి పేరు మీద, ఎవరి మెయిలు మీద ఉందో ఈ రోజే చూడండి. ఆ మనిషి అమెరికాలోనో, మానేసిన ఉద్యోగం తాలూకు మెయిల్లోనో ఉంటే ముందు దాన్ని మార్పించండి.

రేపు హెక్స్ పరీక్ష చేసి, చెడిన టపా ఒకదాని మొదటి ఇరవై ముప్ఫై బైట్లు, ఆ పట్టిక ఏ పద్ధతిలో ఉందో, మైఎస్‌క్యూఎల్ వెర్షన్ ఎంతో ఇక్కడ రాయండి. ఏ వరుసలో మార్చాలో చెబుతాను. డేటాబేసు పాస్‌వర్డు మాత్రం రాయకండి, పోయినసారి ఒకాయన రాశారు.